రేడియో డ్యూటీలో తలనొప్పి

ఆస్ట్రేలియా ఉత్తర కొసన, డార్విన్‌కు దక్షిణాన ఉన్న సైనిక శిబిరంలో దిగేసరికి మధ్యాహ్నం మూడైంది. ఆకాశం సీసం రంగులో ఉంది. వాన ఇంకా మొదలుకాలేదు. యాభై దాటిన రిజర్వు సార్జెంటునైన నాకు రేడియో అప్పగించారు. గస్తీ బండ్లు గంటకోసారి పిలవాలి. పిలవకపోతే వెతికే బృందాన్ని పంపవలసిన బాధ్యత నాది.

రెండో వారంలో తలనొప్పి పట్టుకుంది. రెండు వైపులా, తల చుట్టూ పట్టీ బిగించినట్టు. కొత్త హెడ్‌సెట్‌ను అనుమానించాను. నొప్పి వచ్చిన వేళలు రాసి, దాన్ని మార్చమని రెండుసార్లు అర్జీ పెట్టాను. జవాబు లేదు. నా తోటి ఆపరేటరు మాత్రం అదే హెడ్‌సెట్‌తో హాయిగా ఈల వేసేవాడు. రోజూ టీతో పాటు నొప్పి మాత్రలు నా ముందు పెట్టేవాడు.

"మింగు సార్జ్. నిన్ను ఇంటికి పంపేస్తే నీ షిఫ్టు కూడా నా నెత్తినే."

శిబిరం డాక్టరుకు నా తలనొప్పి సంగతి చెప్పిందీ వాడేనని నా అనుమానం. ఆమె కెప్టెన్, గుంటూరు వాళ్ల అమ్మాయి.

"వాంతులు ఉన్నాయా? వెలుతురు చూడలేకపోతున్నారా? నడిస్తే ఎక్కువవుతోందా అంకుల్?"

"లేదు. డ్యూటీలో అంకుల్ అనకండి."

"సారీ, సార్జెంట్. ఒక్కసారిగా పిడుగులా వచ్చిందా? జ్వరం, చూపు మసక, చేతుల్లో బలహీనత?"

"ఏవీ లేవు. స్కాన్ ఎందుకు రాయరు? నటిస్తున్నాననా?"

"నొప్పి నిజమే. ఇది టెన్షన్ తలనొప్పి. పరీక్షలో తేడా ఏమీ లేదు కాబట్టి స్కాన్ అక్కర్లేదు. రోజూ మాత్రలు వేసుకుంటే ఆ మాత్రలే నొప్పి తెస్తాయి. వారానికి రెండు రోజులు, అంతే."

కణతల మీద వేళ్లు పెట్టింది. "పళ్లెందుకు బిగిస్తున్నారు?"

లేదన్నాను. ఆమె వేళ్ల కింద కండరం రాయిలా ఉంది.

"దవడ వదలండి. మెడ వ్యాయామాలు చెయ్యండి. నెలలో తగ్గకపోతే రేడియో నుంచి తప్పిస్తాను."

బెదిరింపే అనుకున్నాను. మాత్రలు తగ్గించిన తొలిరోజుల్లో నొప్పి హెచ్చింది. నా అనుమానమూ హెచ్చింది. తర్వాత రెండూ కొంత నెమ్మదించాయి.

అప్పుడు వాన విరుచుకుపడింది. ఒక బండి పిలవలేదు. వెతికే బృందాన్ని పంపాను. దవడ బిగిసింది. తల చుట్టూ పట్టీ మళ్లీ దిగింది. ఆపరేటరు మాత్రల డబ్బా ఇటు జరిపాడు. ఆ వారం మాత్రలకిచ్చిన రెండు రోజులూ అయిపోయాయి. డబ్బాను వెనక్కి తోసి, పళ్లు విడదీసి విన్నాను.

"నోరు తెరిచిన బారమండి చేపలా ఉన్నావు సార్జ్."

"నోరు మూసుకో."

గరగర మధ్య డ్రైవరు గొంతు: "బేస్, వాగు పొంగింది. గట్టు మీదే ఉన్నాం. అందరం క్షేమం. ఓవర్."

రేడియో చివరిదాకా నా చేతిలోనే ఉంది. డ్యూటీ ముగిసి టూవూంబాలోని ఇంటికి తిరిగి వచ్చాను. తలనొప్పి ఇప్పటికీ అప్పుడప్పుడు పలకరిస్తుంది. హెడ్‌సెట్‌ను నేను పూర్తిగా క్షమించలేదు. ఒక్క దృశ్యం మాత్రం నన్ను వదలదు. వాగు పొంగిన ఆ రోజు సాయంత్రం ఆ బండి శిబిరంలోకి వచ్చింది. ఒళ్లంతా ఎర్రమట్టితో డ్రైవరు దిగి, నా ఎదుట నిలబడి, ఏదో చెప్పబోయి నోరారా ఆవలించాడు. చూస్తుండగానే నాకూ ఆవలింత వచ్చి, దవడ దానంతటదే వదులైంది.