దీపం ఏ కోర్టు పరిధిలోకి వస్తుంది?

ఆ రోజుల్లో, అంటే చదువుకని ఆక్లండ్ వచ్చి ఎలాగో ఐటీ ఉద్యోగంలో కుదురుకున్న కొత్తల్లో, ఈ దేశంలో ప్రతి పనికీ ఒక పద్ధతి ఉంటుందని నాకు గొప్ప నమ్మకం. ఇప్పటికీ ఉంది. కాకపోతే ఒక్కో పనికి రెండేసి పద్ధతులుంటాయనీ, అవి ఒకదాని మొహం ఒకటి చూసుకోవనీ అప్పటికి తెలియదు.

ఊరి శివార్లలోని ఫ్లాట్ బుష్‌లో మా మొదటి ఇల్లు కొన్నాం. అద్దె ఫ్లాట్ వెంటనే ఖాళీ చేయాలి, ముహూర్తమేమో తర్వాతి వారం. గృహప్రవేశం కాకుండా సామాను లోపలికి పోకూడదని, విజిటర్ వీసా మీద వచ్చిన మా బాబాయి శాసించాడు. "పోనీ గరాజ్‌లో పెట్టుకుందాం బాబాయ్" అన్నాను. "గరాజ్ మాత్రం ఇంట్లోది కాదుట్రా?" అన్నాడు. సరే, మంచాల దగ్గర్నుంచి వెట్ గ్రైండర్ దాకా అన్నీ ఒక స్టోరేజ్ కంపెనీ గోడౌన్‌లో పెట్టి, కాంట్రాక్టు మీద సంతకం చేసి, స్నేహితుడి ఇంట్లో మకాం వేశాం. ఆ వారంలోనే, కంపెనీ పెద్దలు ఏవో అవకతవకలు చేశారని ప్రభుత్వం దాన్ని స్వాధీనం చేసుకుని గేటుకి తాళం వేసింది.

మంచాల సంగతి ఎలా ఉన్నా, ఆ సామానులో ఒక ఇత్తడి దీపపు కుంది ఉంది. (జాగ్రత్తగా ఉంటుందని తువ్వాలులో చుట్టి గ్రైండర్ పెట్టెలో దోపింది నేనే. జాగ్రత్త నాకు కొంచెం ఎక్కువ.) అది మా అత్తగారిది. ఆవిడ మా పెళ్లికి ముందే పోయారు. పెళ్లిపీటల పక్కన ఆవిడ బదులు ఆ కుందే వెలిగింది. "అమ్మ దీపం లేకుండా నేను ఆ గడప దాటను" అంది మా ఆవిడ. ఏడవలేదు, గొంతు పెంచలేదు. అందుకే నాకు భయం వేసింది.

చిన్న తగాదాలు వినే ట్రిబ్యునల్‌కి పరుగెత్తాను. కాంట్రాక్టు తగాదా తమ పరిధిలోదే గానీ కంపెనీ ప్రభుత్వం చేతిలో ఉంది కాబట్టి, ప్రభుత్వం నియమించిన మేనేజరు ఒప్పుకుంటేనే వింటామన్నారు. ఆ మేనేజరమ్మ దగ్గరికి వెళ్తే టీ ఇచ్చింది. "ఆ సామాను మీదేనని కోర్టు తేలిస్తే తప్పకుండా ఇచ్చేస్తాను" అంది. "కోర్టువాళ్లు మీ అనుమతి కావాలంటున్నారండీ" అన్నాను. "అయ్యో, నిజమే పాపం" అంది. హైకోర్టుని అడగొచ్చట, కానీ అది ముహూర్తం లోపల తేలే వ్యవహారం కాదట. ఇక్కడ ఎవరూ కసురుకోరు, అందరూ జాలిపడతారు, ఇక మనం ఎవరితో పోట్లాడాలి?

"స్టే తెద్దాం పదరా" అన్నాడు బాబాయి. "తెనాలిలో మా ప్రహరీ గోడ ఇంకా నిలబడి ఉందంటే స్టే మీదే."

"స్టే ఆల్రెడీ ఉంది బాబాయ్. గవర్నమెంటు వాళ్లకే ఉంది, మన మీద."

బాబాయి, "వాళ్లకెందుకురా స్టే? అది మనం కదా తెచ్చుకునేది!" అన్నాడు, సొంత ఆస్తి పోయినంత బాధగా.

ముహూర్తం ముందురోజు మా ఆవిడే నన్ను వెంటబెట్టుకుని మేనేజరమ్మ దగ్గరికి బయల్దేరింది. సామాను చూసుకోవచ్చు, ఏ వస్తువూ గేటు దాటకూడదు, అంది మేనేజరమ్మ. "వస్తువే కదండీ దాటకూడనిది?" అంది మా ఆవిడ. "మంట వస్తువు కాదు కదా?" మేనేజరమ్మ ఆలోచించి, లాయరుకి ఫోన్ చేసి, "అవును, మంటే" అని మళ్లీ మళ్లీ చెప్పి, మా వైపు తిరిగింది. "దాని మీద నాకు అధికారం ఉన్నట్టు కనిపించట్లేదు." ఆ వారమంతా వింటున్న మాటే అది, కానీ మొదటిసారి చెవికి తీయగా తగిలింది.

మర్నాడు పొద్దున్నే గేటు లోపల వెలిగించిపెట్టిన అత్తగారి కుంది, గేటు బయట మేం కొన్న కొత్త కుంది. ఊచల మధ్య నుంచి మా ఆవిడ వత్తి అందించి వెలిగించుకుంది. మేనేజరమ్మ ఒక చేత్తో గాలికి అడ్డం పెట్టి, రెండో చేత్తో నిప్పులార్పే సిలిండర్ పట్టుకుని నిలబడింది. లోతైన స్టీలు గిన్నెలో ఆ దీపం పెట్టుకుని మా ఆవిడ వెనక సీట్లో కూర్చుంటే, మోటర్‌వే ఎక్కకుండా, ఏసీ వేయకుండా, వెనకాల కార్లన్నీ ఊరేగింపులా కట్టేంత నెమ్మదిగా నడిపాను. కొత్త ఇంటి ముందు దిగి గడప దగ్గరికి వచ్చామో లేదో, గాలి ఒక్క విసురు విసిరింది. దీపం ఆరిపోయింది.

అన్నిటికీ శాస్త్రం చెప్పే బాబాయి కూడా నా మొహమే చూశాడు. మా ఆవిడ వంగి వత్తిని వేలితో తాకింది.

"ఇంకా వేడిగానే ఉంది. అమ్మ ఇక్కడిదాకా వచ్చింది. అగ్గిపెట్టె ఇవ్వండి" అంది. వెలిగించుకుని గడప దాటింది. నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

మా కేసు వినే అధికారం ఎవరికుందో పెద్దలు తేల్చుకునేలోపే, మేనేజరమ్మ గోడౌన్ ఖాళీ చేయించుకుంటూ సామాను మా ఇంటికి పంపించేసింది. "సో నాన్నా, కేసు ఎవరు గెలిచారు?" అంటుంది ఇక్కడే పుట్టిన మా అమ్మాయి. ఎవరూ వినలేదమ్మా అంటే నమ్మదు. అత్తగారి కుంది ఇప్పుడు మా దేవుడి గదిలో ఉంది. సాయంత్రం మా ఆవిడ వెలిగిస్తుంటే నా చెయ్యి దానంతటదే అడ్డం వెళ్తుంది. "కిటికీలన్నీ మూసే ఉన్నాయండీ" అని నవ్వుతుంది. తెలుసు. అయినా కాసేపు అలాగే ఉంచుతాను.