మంచం కోళ్ళ మీద టెలిస్కోపు

మా అక్క అబద్ధం ఆడితే నాకు తెలిసిపోతుంది. ఉప్పెక్కువైన కూరని "బాగుందే" అనేటప్పుడు ఆవిడ గొంతు ఒకలా ఉంటుంది. ఆ సాయంత్రం మా పెరట్లో సిమెంటు గచ్చు మీద, శనిగ్రహం వైపు తిప్పిన టెలిస్కోపు మీంచి తల ఎత్తి "చూశానే, బాగున్నాడు" అన్నప్పుడూ సరిగ్గా అలాగే ఉంది.

"ఎలా ఉన్నాడు?" అన్నాను.

"ఎలా ఉంటాడు, గుండ్రంగా ఉన్నాడు."

"చుట్టూ ఏమన్నా కనపడిందా?"

"నాకు పరీక్షలు పెట్టకు. నాలుగో తరగతితో బడి మానేసినదానివి నువ్వు."

నేను నాలుగైతే ఆవిడ రెండు.

ఆ టెలిస్కోపు మా కోడలిది. హైస్కూల్లో సైన్సు చెబుతుంది. తోటి టీచరుకి బదిలీ అయి సామాను సర్దుకుంటుంటే, ఆవిడ దగ్గర తక్కువకి కొంది. గ్రైండరు మూలుగుతూ నడుస్తుంటే చుక్కలు చూసే గొట్టం దేనికని నేను గట్టిగానే అడిగాను. ఆ రాత్రి చంద్రుణ్ణి చూశాక మళ్ళీ అడగలేదు.

వచ్చిన చిక్కల్లా దాని స్టాండుతోనే. మూడు సన్నటి అల్యూమినియం కాళ్ళు, కొంగకి ఉన్నట్టు. వేలు తగిలితే చాలు, చంద్రుడు నీళ్ళ బిందెలో నీడలా ఊగిపోయేవాడు. చెయ్యి తీసేసి పది లెక్కపెడితే కుదుటపడేవాడు. మేము అలా లెక్కపెట్టుకుంటూ చూసుకునేవాళ్ళం. అక్క వల్ల కాదు. రెండేళ్ళుగా ఆవిడ చేతులు వణుకుతున్నాయి. టీ సగం గ్లాసే పోసి ఇస్తాం. పైగా దేన్నో ఒకదాన్ని పట్టుకోకుండా వంగలేదు. టెలిస్కోపుని పట్టుకునేది. ఆ వణుకు గొట్టంలోకి ఎక్కి, శనిగ్రహం కాస్తా ముగ్గు చల్లినట్టు చెదిరిపోయేది.

శనినే చూడాలని ఆవిడ పట్టు. ఏలినాటి శని నడిచినన్నాళ్ళూ శనివారాలు బస్సెక్కి మందపల్లి గుడికి వెళ్ళి శనికి నువ్వుల నూనె పోసి వచ్చేది. "అంత నూనె పోసినదాన్ని, ఎలా ఉంటాడో ఒక్కసారి చూడొద్దటే?" అనేది. అది కార్తీకమాసం. దీపాలు పెట్టే వేళకి శని నెత్తిమీదకి వచ్చి ఉంటున్నాడు. వారం వారం పడమటికి జారిపోతాడనీ, మార్గశిరం దాటితే చీకటి పడేసరికే పక్కవాళ్ళ కొబ్బరిచెట్ల వెనక్కి పోతాడనీ, మళ్ళీ ఏడాది ఆగాలనీ కోడలు చెప్పింది.

"ఏడాదికి నా చేతులు ఎలా ఉంటాయో" అంది అక్క, తమలపాకు ఈనె తీస్తూ. మందు వేసుకుంటే వణుకు నెమ్మదిస్తుందే గాని పోదని డాక్టరుగారు ముందే చెప్పారు. ఆ మాట విన్నాక ఇంక నేను ఊరుకోలేదు.

కోడలు ఫోనులో మంచి స్టాండొకటి చూపించింది. ధర చూసి ఫోను కోడలికే ఇచ్చేశాను. "అటక మీద మా అత్తగారి పందిరిమంచం ఉంది, దించండి" అన్నాను. టేకు మంచం. అమ్మెయ్యమని ముప్పయ్యేళ్ళుగా అడగని మనిషి లేడు. పనికొస్తుందంటే ఎవరూ నమ్మలేదు.

మా ఇంటి తలుపులన్నీ చేసిన వడ్రంగినే పిలిపించాను. కోడలు ఫోనులో బొమ్మలు చూపిస్తుంటే కళ్ళజోడు ముక్కు మీదకి జార్చి చూశాడు.

"ఆయ్, అర్థమైందండి. ఇది ఫిరంగి బండండి."

కాళ్ళే లేని స్టాండు అది. నేలమీద ఒక గుండ్రటి పలక, దాని మీద తిరిగే ఇంకో పలక, పైన రెండు చెక్కగోడలు, వాటి నడుమ ఊయల్లో పడుకున్నట్టు గొట్టం. చూడ్డానికి మూతలేని పెట్టెలా ఉంటుంది. మంచం కోడుని కంద ముక్కలు కోసినట్టు అడ్డంగా రెండు బిళ్ళలు కోసి, గొట్టానికి చెరో పక్కనా బిగించాడు. గొట్టం పైకీ కిందకీ ఆ బిళ్ళల మీదే తిరగాలి. పలకల మధ్య మూడు నున్నటి ప్లాస్టిక్ ముక్కలు పెట్టాలంది కోడలు. కూరలు తరిగే ప్లాస్టిక్ పలక అరిగిపోయినా నేను పారెయ్యలేదు. అది ఇచ్చాను.

"చూడండమ్మగారూ, మంచి తలుపు ఎలా ఉండాలి? తోస్తే కదలాలి, వదిలేస్తే వదిలిన చోట ఆగాలి. ఇదీ అంతేనండి" అన్నాడు.

మొదటి రోజు అది కదలనే లేదు. ఈ తేమకి మా వైపు ఏ చెక్కయినా బిగుసుకుంటుంది. తోస్తే మొరాయించేది, ఇంకాస్త తోస్తే ఒక్క గంతు వేసేది, శని కాస్తా ఎటో పోయేవాడు. ఎవరికీ చెప్పకుండా నేను వంటింట్లోంచి కొబ్బరినూనె తెచ్చి పలకల మధ్య పోశాను. అప్పుడు తిరిగింది. ఎంత బాగా తిరిగిందంటే అక్క వంగీ వంగగానే మొత్తం అటు తిరిగిపోయి గోడవైపు చూసింది.

పొద్దున్న లేచేసరికి మెట్ల దగ్గర్నుంచి ఆ పెట్టెదాకా ఎర్రచీమల బారు. కోడలు పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఎవరు పొయ్యమన్నారే కొబ్బరినూనె?" అంది అక్క. "ఆయనకి నువ్వుల నూనె కదా."

వడ్రంగి ఇంకో మాట అన్నాడు. "తలుపు బిగిస్తే నూనె పోస్తారా అమ్మగారూ మీరు?"

పొయ్యను. ఏటా వానాకాలం తలుపులకి కొవ్వొత్తి రుద్దేది నేనే. టెలిస్కోపు అనేసరికి అదేదో వేరే సంగతనుకుని నాకు తెలిసిన పని మర్చిపోయాను. శనగపిండి చల్లి నూనె తీశాం, గరుకు కాగితంతో రుద్దాం, కరెంటు పోయే రోజుల్లో దాచిన కొవ్వొత్తి ముక్కలు అరిగేదాకా రాశాం. ఆ సాయంత్రం కోడలు ఒక్క వేలితో తోసింది. పెట్టె చప్పుడు లేకుండా కదిలింది. వేలు తీసింది. ఉన్నచోటే ఉంది.

ఆ రోజు నేను శనిని చూశాను. అచ్చంగా చుట్టూ వలయం. వణుకు లేదు, ఊపు లేదు.

తరవాత అక్క స్టూలు మీద కూర్చుంది. కూర్చోగానే పెట్టె అంచు పట్టుకుంది. శని మళ్ళీ ఊగాడు. "పట్టుకోకే, ముట్టుకోకే" అని అరిచాను. చెయ్యి తీసేసింది. ఆధారం లేక మనిషే ఊగిపోయింది. కాసేపటికి తల ఎత్తి, "చూశానే, బాగున్నాడు" అంది. అదే గొంతు.

స్టాండు బాగుపడింది, మా అక్క పట్టుకోవడానికి మాత్రం ఏమీ లేదు. అరవడం తప్ప నేను చేసిందేమీ లేదు.

రెండు రోజుల తరవాత వంటపాకలో చీపురు కోసం వెతుకుతుంటే మూల ఉన్న రోకలి కనపడింది. మా ఇద్దర్నీ ఈ ఊరికే ఇచ్చారు, పక్కపక్క వీధులకి. కారం దంచే రోజుల్లో ఒకే రోట్లో రెండు రోకళ్ళు, నాది లేస్తే ఆవిడది పడేది. మా రోకళ్ళు ఒకదానికొకటి తగిలిన రోజు లేదు. ఆవిడ చేతులకి రోకలి పట్టడం ఒకరు చెప్పాలా?

సాయంత్రం అక్క రాగానే స్టూలు ముందు రోకలి నిలబెట్టాను. "రెండు చేతులా ఇది పట్టుకో. పెట్టె జోలికి పోకు."

"పిచ్చి కుదిరింది, రోకలి తలకి చుట్టమందట వెనకటికి ఎవత్తో" అంది.

"తలకి వద్దులే. చేత్తో పట్టుకో చాలు."

పట్టుకుంది. రోకలి కింది ఇనుప పొన్ను గచ్చు మీద టిక్ టిక్ టిక్ అని కొట్టుకుంది. ఆవిడ వణుకు అంత చప్పుడు చేస్తుందని నాకప్పటిదాకా తెలియదు. గబగబా గోనెసంచి మడిచి పొన్ను కింద పెట్టాను. చప్పుడు ఆగింది. అక్క పట్టు బిగించింది, భుజాలు దిగాయి. మెల్లగా వంగి కన్ను పెట్టింది.

నేను ఈసారి అరవకుండా వెనక్కి తగ్గాను. శని పక్కకి జరిగినప్పుడల్లా కోడలు పెట్టెని వేలితో కొంచెం తోసి తప్పుకుంటోంది.

"ఏమే" అంది అక్క, కన్ను తియ్యకుండా.

"ఊఁ."

"ఎవరే ఆ కుదురు అంత వంకరగా పెట్టింది?"

వలయం ఉంటుందని అందరం చెప్పాం గాని, అది ఓ పక్కకి వాలి ఉంటుందని ఆవిడతో ఒక్కళ్ళమూ అనలేదు.

"కుండకి కుదురంటే తిన్నగా కింద పెట్టాలి గాని, నడుముకి తొడిగి, అదీ వాల్చి పెడతారా? నీళ్ళు ఒలికిపోవూ?" అంటోంది. గొంతు కూడా మారింది. ఉప్పెక్కువైతే ఎక్కువైందని చెప్పే గొంతు అది. కోడలు నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. నేనూ నవ్వాను, పక్కింటావిడ పిట్టగోడ మీంచి తొంగి చూసేటంత.

"పక్కన చిన్న చుక్కుంది. నువ్వు చూశావా?"

నేను చూడలేదు.

"అది శనికి ఉన్న చందమామ, పెద్దత్తయ్యగారూ. చాలామంది గమనించరు" అంది కోడలు.

"విన్నావా? చాలామంది గమనించరట."

"సరే, లే మరి. నేనూ చూస్తాను" అన్నాను.

"ఉండవే, ఇంకా చూస్తున్నాను." రోకలి ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

శని కొబ్బరాకుల్లోకి దిగబోయేదాకా ఆవిడ ఆ స్టూలు మీంచి లేవలేదు. నేను చేతులు కట్టుకుని, నా వంతు కోసం వెనకాలే నిలబడ్డాను.