ఫోల్డరుకు తాళం వేసి చూడు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. వాళ్ల కాలంలో ఇంట్లో రెండు కంప్యూటర్లు లేవు కాబట్టి అంతటితో ఆగారు. ఉండి ఉంటే, ఫోల్డరుకు తాళం వేసి చూడు అని మూడోది కూడా చేర్చేవారు. ఆ మూడోది నేను చూశాను. చూసి, చెరువు కట్ట మీద చుట్టాలందరి ముందు ఒక కాకికి సంజాయిషీ చెప్పుకున్నాను. నవ్వండి, నేనేమీ అనుకోను. మధ్యలో నవ్వు ఆగిపోతే మాత్రం ఆ తప్పు నాదే.

మాది శామీర్‌పేట, చేపలు పట్టే కుటుంబం. నేను వల ముట్టకుండా మేడ్చల్‌లో కంప్యూటర్ కోర్సులో చేరాను. సగం కోర్సు అయ్యేసరికి మిగతా సగం అవసరం లేదనిపించింది. మేడ మీద నా కంప్యూటరు, కింద హాల్లో మా అన్న పాత కంప్యూటరు. కిటికీలోంచి వైరు వేలాడదీసి రెంటినీ కలిపాను. ఇంటిల్లిపాది ఫోటోలు, వీడియోలు నా దాంట్లో ఒకే ఫోల్డర్లో ఉండేవి. కింద కూర్చుని ఎవరైనా చూసుకోవచ్చు.

అందరికంటే ఎక్కువ చూసేది మా అవ్వ. కాలం చేసిన తాత చెరువులో వల లాగుతున్న వీడియో ఒకటుంది. అన్నం తిన్నాక వదిన రోజూ అది పెట్టాల్సిందే. అది తీసినప్పుడు గట్టు మీద నిలబడి అవ్వ తిట్టిన తిట్లు కూడా అందులో పడ్డాయి. తెరలోని అవ్వతోపాటు కుర్చీలోని అవ్వ కూడా తిట్టేది.

"గా వల సక్కగ గుంజవేందయ్యా! సేపలన్నీ పోతున్నయ్!"

అదే ఫోల్డర్లో ఓ మూల, దూలపల్లి అమ్మాయి మీద నేను రాసుకున్న కవితలుండేవి. నేనొకణ్ణి ఉన్నానని ఆ అమ్మాయికి తెలియదు, అది వేరే సంగతి. ఒక ఆదివారం అందరం తింటుండగా వదిన వాటిని పట్టేసింది. పట్టి ఊరుకుందా? గొంతు సవరించుకుని చదివింది.

"నీ కన్నులు చెరువు, అందులో చిక్కిన బొచ్చె చేపను నేను!"

"సేప సెరువుల చిక్కదురా నర్సిమ్మా, వలల చిక్కుతది" అని అవ్వ ఎక్కిళ్లు వచ్చేదాకా నవ్వింది.

పరువు పోయిన మామూలు మనిషైతే కవితలు తీసి ఇంకోచోట దాచుకుంటాడు. నేను చదువుకున్నవాణ్ణి కదా! మొత్తం ఫోల్డరుకే కట్టడి పెట్టాను. పేర్ల వరసలో ‘ఎవ్రీవన్’ అని కనిపించింది. అంటే అందరూ. రానివ్వొద్దు అనే గడిలో టిక్కు కొట్టాను. కంప్యూటరు ఏదో హెచ్చరిక చూపించి, నిజంగానేనా అని అడిగింది. చదవకుండానే అవునన్నాను. తర్వాత మీసం దువ్వుకుంటూ ఫోల్డరు మీద నొక్కితే, నీకు అనుమతి లేదు పొమ్మంది.

నాకు! నా కంప్యూటర్లో! ఎందుకో ఎంతకీ అంతు పట్టలేదు. ఒప్పుకుంటే ఉన్న కాస్త పరువూ పోతుంది. అందుకని సెక్యూరిటీ పని జరుగుతోందని ఇంట్లో ప్రకటించాను.

"నర్సిమ్మా, ఇయ్యాల మీ తాత అస్తలేడేందిరా?"

"సెక్యూరిటీ పని నడుస్తాందవ్వా. రేపొస్తడు."

"నేను తిట్టినందుకు అలిగిండా?"

"అలగలేదవ్వా. రేపు ఖాయం."

అట్లా రోజూ ఒక రేపు చెప్పాను. అవ్వ రోజూ నమ్మింది. అన్నం తిని, నల్లటి తెర ముందు కాసేపు కూర్చుని లేచిపోయేది. ఒక మధ్యాహ్నం ఆ కుర్చీలోనే నిద్రపోయింది. మళ్లీ లేవలేదు.

ఆ బాధ ఇప్పుడు నవ్వుతూ చెబుతున్నాను గానీ, అవ్వను సాగనంపి వచ్చాక నేను మేడ దిగలేదు.

అవ్వ పేరున పిట్టకు పెట్టే రోజు వచ్చింది. చెరువు కట్ట మీద విస్తరి వేసి, అవ్వకు ఇష్టమైన చేపల పులుసు, కల్లు పెట్టి దూరంగా నిలబడ్డాం. కాకి ముట్టకపోతే పోయినవాళ్లకు కోరిక మిగిలినట్టు. మా కాకి కరెంటు తీగ మీద కూర్చుని, బిల్లు కట్టని ఇంటిని చూసిన లైన్‌మన్‌లాగా మమ్మల్ని చూసింది. అంతే, దిగలేదు.

"కొట్లాడుకోకుండ కలిసుంటం, తినవ్వా" అన్నాడు అన్న. దిగలేదు.

"కల్లు మంచిదేనే, సూసే తెచ్చిన" అన్నాడు బాపు. దిగలేదు.

బాపు మావైపు తిరిగాడు. "ఎవలన్న అవ్వకు మాటిచ్చి తప్పిండ్రా?"

వదిన నన్ను చూసింది. వదిన చూడటం చూసి చుట్టాలందరూ చూశారు. పైనుంచి కాకి కూడా.

"తాతను రేపు సూపిస్తనన్న" అన్నాను. కాకివైపు తిరిగాను. "అవ్వా, మాఫ్ జెయ్యి. ఫోల్డర్ తెరుస్తలేదు. నన్ను గూడ రానిస్తలేదు."

"నిన్నెందుకు రానియ్యది?" అంది వదిన.

"ఏమో. అందర్ని రానియ్యొద్దని పెట్టిన, గంతే."

"మరి నువ్వు అందర్ల లేవా, మరిదీ?"

చుట్టాలు నవ్వాలో ఏడవాలో తేల్చుకునేలోపే నేను ఇంటికి పరుగెత్తాను. ఆ గడిలో టిక్కు తీసేశాను. ఫోల్డరు తెరుచుకుంది. అంతే పని. అవ్వ అడిగిన ఏ రోజైనా అయ్యే పని. అక్కడే కూలబడి ఏడ్చాను.

వీడియో ఫోన్‌లోకి ఎక్కించుకుని కట్ట మీదికొచ్చి, చేయి పైకెత్తి కాకికి చూపించాను. తాత వల లాగుతున్నాడు. అవ్వ గొంతు ఖంగుమంది. "గా వల సక్కగ గుంజవేందయ్యా!"

కాకి దిగింది. చేపముక్క పట్టుకుని ఎగిరిపోయింది. బాపు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఇప్పుడు ఆ ఫోల్డరు బార్లా తెరిచి ఉంటుంది. వదిన పండక్కో పబ్బానికో బొచ్చె చేప కవిత చదువుతూనే ఉంది. చదవనివ్వండి. ఎక్కిళ్లు వచ్చేదాకా నవ్వే మనిషే లేదు. అందుచేత శామీర్‌పేట చెరువు మీద, ఆ కాకి మీద ఒట్టేసి చెబుతున్నాను: ప్రాణం ఉన్నంతవరకు ‘అందరూ’ పక్కన టిక్కు కొట్టను. అడిగినవాళ్లకు రేపు అని చెప్పను. కవితలు మాత్రం రాస్తాను, కానీ చేపను వలలోనే పెడతాను.