రత్నం గారి మీసం

మొన్న మంగళవారం బందరులో ఒక మీసం ఊడిపోయింది. మీసం నాది కాదు, పోయిన పరువు మాత్రం నాదే. టీ పోసుకోండి, చెబుతాను.

ముప్పై నాలుగేళ్ళు తెలుగు లెక్చరర్‌గా వెలగబెట్టిన మనిషిని. నేను మైకు లేకుండా పద్యం ఎత్తుకుంటే పెడనలో మగ్గాలు ఆపి వినేవారు. కాస్త తగ్గించే చెబుతున్నాను. మా కాలేజీలో ఇవాళ్టికీ నడుస్తున్న డిగ్రీ తెలుగు పాఠాల జాబితా ఈ చేత్తో వేసిందే.

అక్కడ ఇప్పుడు తెలుగు చెబుతున్నది నా శిష్యురాలు విజయ. పాలకాయతిప్ప దగ్గర సముద్రంలో వేట మీద బతికే ఇంటి పిల్ల. వాళ్ళమ్మ చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని అవనిగడ్డ బజారుకి నడిచిన మనిషి. ఆ విజయ పోయిన వారం మా ఇంటికొచ్చింది.

"మాష్టారూ, మన జాబితాలో ఇరవై పాఠాలుంటే ఆడవాళ్ళు రాసింది ఒక్కటేనండీ. సగం సగం ఉండేలా కొత్తది వేశాను. మీరు సరేనంటేనే ప్రిన్సిపాల్ గారు సంతకం పెడతారట."

నేను కాదంటే ఆ పిల్ల రెండేళ్ళ కష్టం అటకెక్కినట్టే. అయినా నాకు చురుక్కుమంది. నా జాబితాకే వంకా? ఆడవాళ్ళు ముగ్గురున్నారు, మంగళవారం పాఠాల కమిటీ మీటింగులో పేర్లతో సహా చెబుతాను చూడు అన్నాను. తను ఇంకేదో చెప్పబోయింది. నేను చెప్పనిస్తేగా!

మంగళవారం గంజి పెట్టిన పంచె కట్టి వెళ్ళాను. ప్రిన్సిపాల్ ఎదురొచ్చి కుర్చీ వేశారు. గుడివాడ నుంచి సుబ్బారావు అనే లెక్చరర్ కూడా సభ్యుడిగా వచ్చాడు. నేను మీసం దువ్వి మొదటి పేరు చెప్పాను, సుగుణాదేవి.

సుబ్బారావు దగ్గాడు. "సుగుణ మా అక్కయ్యండీ. ఆ పేరుతో రాసింది మా బావ. ఆడపేరైతే వీక్లీల్లో తొందరగా పడుతుందని."

రెండో పేరు చెప్పాను. ఆయన బావగారి రూమ్మేటట. మూడో పేరు సగంలో ఉండగానే సుబ్బారావు మళ్ళీ దగ్గాడు. నేనే ఆపేశాను.

మరి విజయ గారు ఒక్కరున్నారన్నారే, ఆ ఒక్కరెవరు అని ప్రిన్సిపాల్ అడిగారు. రత్నం గారండీ అంది విజయ.

పగలబడి నవ్వాను. డి. వి. రత్నం గారంటే సామాన్యుడా? చేపల బుట్ట మోసే ఆడమనిషి మీద ఆయన రాసిన కథ నా జాబితాకే మకుటం. బుట్ట దించాక మెడ ఎటు తిప్పితే ఎక్కడ లాగుతుందో కూడా రాశారు. ఒక మగవాడికి ఇదంతా ఎలా తెలిసిందా అని క్లాసులో ఏటేటా నేనే ఆశ్చర్యపోయేవాణ్ణి. పాఠం చివర రచయిత పరిచయం రాసిందీ నేనే. "ఆజానుబాహువు, కోరమీసాల వారు" అని!

"మాష్టారూ, ఇంక చెప్పకండి," అంది విజయ మెల్లగా.

ఆగితే నేనెందుకవుతాను? గుడివాడ ప్లాట్‌ఫారం మీద ఇద్దరం చెరో చుట్టా వెలిగించుకున్నామనీ, కబుర్లలో పడి రెండు రైళ్ళు వదిలేశామనీ, ఆ మీసం గాలికి ఎగిరి నా చెంపకి తగిలిందనీ చెప్పాను. ఇంతలో వరండాలో కుర్చీ జరిగిన చప్పుడైంది. తలుపు తోసుకుని ఎనభై ఏళ్ళావిడ, పెడన కలంకారీ చీరలో, చేతిసంచితో లోపలికొచ్చింది. విజయ తన తరఫున మాట సాయానికని పొద్దున్నే బస్సులో అవనిగడ్డ నుంచి తీసుకొచ్చిందట.

"నేనే రత్నాన్ని తమ్ముడు గారూ. చుట్ట మా అమ్మ కాల్చేది, బుట్ట కూడా ఆవిడే మోసేది. నాకు మీసం ఒక్కటే కొత్త."

ప్రిన్సిపాల్ ఫైలు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. చూడండి, మన తెలుగులో ఎంత మోసముందో! గౌరవమిచ్చి గారు తగిలించి, రాశారు, అన్నారు అంటే చాలు, ఆడో మగో తేలకుండానే ముప్పై ఏళ్ళు గడిచిపోతాయి. పూర్తి పేరు ఎందుకు రాయలేదండీ అని అడిగాను, తప్పు ఆవిడదైనట్టు.

"మొదట్లో రాశాను. ఎవరు రాసిపెట్టారమ్మా అని ఉత్తరాలొచ్చేవి. పొడి అక్షరాలు పెట్టాక ఎవరూ అడగలేదు."

విజయ వైపు చూశాను. నీకు ముందే తెలుసా అన్నాను.

"పోయినేడు కొత్త జాబితాకి పర్మిషన్ కోసం ఆవిడ దగ్గరికి వెళ్తేనే తెలిసిందండీ. చదువుకునేప్పుడు నేనూ కోరమీసాలనే రాశాను. రెండు మార్కులు వేశారు మీరు."

ఎన్ని వందల మందికి వేశానో ఆ రెండు మార్కులు! అది కూడా, వాళ్ళమ్మ కథ లాంటి కథ చదువుకుంటూ, రాసినవాడికి మీసాలు పెట్టాల్సొచ్చిన పిల్లకి. కొత్త జాబితా ముందుకు లాక్కుని చదివాను. ఎన్నెన్ని కథలు వెతికి తెచ్చిందండీ! సగం పేర్లు నేను వినను కూడా లేదు. నా శిష్యురాలు నన్ను దాటిపోయిందని అందరి ముందూ చెప్పి సంతకం పెట్టేశాను. ప్రిన్సిపాలూ పెట్టారు.

వెళ్తూ వెళ్తూ రత్నం గారు సంచిలోంచి తన పుస్తకం తీసి నా చేతిలో పెట్టారు. మొదటి పేజీలో రాసింది ఇదీ: "గుడివాడ ప్లాట్‌ఫారం మిత్రుడికి, మీసాల రత్నం."

అప్పట్నుంచి నా చెయ్యి అలవాటుగా మీసం మీదికి బయల్దేరుతుంది. సగం దారిలో గుర్తొచ్చి చెవి గోక్కుంటున్నాను. డాక్టరు గారు చెవిలో చుక్కలు రాశారు కూడా.