దూది కలిపిన మట్టి

పెళ్లిచూపుల్లోనే మా అమ్మ కోతలు కోసింది, మా పిల్ల అచ్చు లేకుండా మట్టి వినాయకుణ్ణి చేస్తుందని. అది నిజమే. కాని మాది కృష్ణ ఒడ్డు పల్లె. అక్కడి ఒండ్రుమట్టి చెప్పినమాట వింటుంది. నరసరావుపేటలో, అత్తగారింట నా చేతికొచ్చింది నల్లరేగడి. పంతొమ్మిదివందల నలభైల మొదట్లో, కాపురానికొచ్చాక నాకదే తొలి వినాయక చవితి. ఈసారి విగ్రహం మా కోడలే చేస్తుందని అత్తగారు వీధంతా చెప్పుకుంది.

మొదటి బొమ్మ ఒక్కరోజులో బీటలు వారింది. రేగడి సంగతి అంతే, తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే నోరు తెరుస్తుంది. పెరట్లో ఏడుపుముఖంతో కూర్చున్న నన్ను పక్కింటి పిన్ని గోడ మీదుగా చూసింది. వాళ్లు దూదేకులవాళ్లు, ఊళ్లో పరుపులన్నీ వాళ్ల చేతిమీద తయారైనవే.

"ఏందే కోడలా, రేగడిని ఉత్తగా పిసికితే ఆగుద్దా? దూది కలపాల" అంటూ గుప్పెడు దూది తెచ్చి నా పక్కన కూర్చుంది. పోగులు పోగులుగా విడదీసి మట్టిలో వేసి పిసికింది. అత్తగారు చూసి కూడా ఏమీ అనలేదు. ఆవిడ లెక్కలో ముద్దగా ఉన్నంతవరకే అది మట్టి. తొండం పెట్టాక దేవుడు, ఇక పరాయి చెయ్యి తగలకూడదు.

"తడిగుడ్డ కప్పి నీడన పెట్టు. పైన ఆరి లోపల ఆరకపోతే చానా పగులుద్ది" అని చెప్పి పిన్ని వెళ్లిపోయింది.

బొమ్మ చేశాక మూడురోజులు ముసురు. చవితి ముందురోజు మధ్యాహ్నం ఎండ కాసింది. తడిమి చూస్తే బొజ్జ కింద ఇంకా చెమ్మ. నాకు ఓపిక తక్కువ, చిన్నప్పటినుంచీ అంతే. కాసేపు పెడితే ఏమవుతుందిలే అని గుడ్డ తీసి పక్కన పడేసి ఎండలో పెట్టాను. చెవి దగ్గర మొదలైన బీట బొజ్జదాకా దిగింది. పగిలిన విగ్రహం పూజకు పనికిరాదు. గబగబా మళ్లీ నీడలోకి జరిపాను.

అత్తగారు చూడనే చూసింది. "ఎవరు ముట్టుకున్నారే దీన్ని?"

ఎందుకు పగిలిందని ఆవిడ అడగలేదు. ఆ ప్రశ్నలోనే నాకు దారి దొరికింది.

"ఇందాక పిన్ని వచ్చి పట్టుకుని చూసిందత్తయ్యా" అన్నాను. ఆడలేక మద్దెల ఓడన్నవాళ్లే నాకన్నా నయం, వాళ్లు మనిషి మీదకు నెట్టలేదు.

అత్తగారు గోడ దగ్గరకు పోయి కేకేసి, "ఏమ్మే, తొండం పెట్టిన బొమ్మను తాకావంట?" అని అడిగింది.

పిన్ని నా ముఖం చూసింది. ఎండలో పడివున్న గుడ్డను చూసింది. ఆమెకు అంతా అర్థమైంది.

"అవునక్కా. ఆరిందో లేదో అని నేనే నొక్కా. తప్పయింది."

"ఇంక మా గడప తొక్కబాక."

పిన్ని తలూపి లోపలికి వెళ్లిపోయింది. మళ్లీ ఎప్పుడూ మా పెరట్లోకి రాలేదు. నిజం చెప్పడానికి అత్తగారు పోయేదాకా నాకు ఏళ్లకేళ్లు దొరికాయి, ఒక్కరోజూ నోరు పెగల్లేదు.

అయినా నన్ను ఎక్కువగా తినేది అది కాదు. మర్నాడు పసుపుముద్దనే వినాయకుడిగా పెట్టి పూజ చేశాం. పూజయ్యాక ఉండ్రాళ్లు పెడితే సుబ్బరంగా తిన్నాను. ఒక్కటీ గొంతుకు అడ్డం పడలేదు. ఇంకా ఉన్నాయా అత్తయ్యా అని అడిగాను కూడా.