రెండు డబ్బాల తూటాలు

మా బావ పోయారని అక్క మంగళవారం పొద్దున నా ఆసుపత్రికి ఫోన్ చేసి చెప్పింది. "నిద్రలోనే పోయారే. ఏ బాధా పడలేదు" అంది. ఆ మాట వినగానే నాకు ఏడుపు రాలేదు. నా మీద నాకే ఒళ్ళు మండింది. ఆయన బాధ పడ్డారు, ఎనిమిదేళ్ళు పడ్డారు. ఆ సంగతి నాకు తెలుసు.

బావ రంగుల ఫ్యాక్టరీలో కెమిస్టు. డెబ్బైల చివర నేను డాక్టరుగా రెసిడెన్సీ శిక్షణకు ఈ దేశం వచ్చి, నేపర్‌విల్‌లో వాళ్ళింట్లోనే దిగాను. శనివారమొస్తే ఆయన రైఫిల్ క్లబ్బుకు పోయేవారు. వేట కాదు, చీమకైనా హాని తలపెట్టని మనిషి. దూరాన నిలబెట్టిన అట్ట మీద అయిదు తూటాలూ ఒక్కచోటే పడాలి, అదొక్కటే ఆయన కోరిక. బజారు తూటాలు ఒకదానిలా ఒకటి ఉండవని, బేస్‌మెంట్‌లో బల్ల వేసుకుని ఇత్తడి గొట్టాల్లో మందు తూచి పోసి, గుండు బిగించి, తన తూటాలు తానే తయారుచేసుకునేవారు.

"ఏం చాదస్తం బావా! అక్క గొలుసైనా ఇంత జాగ్రత్తగా తూయించారా?" అనేదాన్ని.

"మీ అక్క గొలుసు రెండొందల గజాలు ఎగరక్కర్లేదు కదా డాక్టరమ్మా!"

ఒకసారికి ఒకటే మార్చాలి అనేవారు. రెండు మారిస్తే ఏది చెడగొట్టిందో జన్మలో తెలియదట. మందు కాస్త మార్చినా వేరే డబ్బా, మూత మీద వేరే చీటీ. ఫలితాలన్నీ ఒక నోటుబుక్కులో. చివరి గడి పేరు 'కారణం'. దాన్ని ఎన్నడూ ఖాళీగా వదిలేవారు కాదు. 'గాలి' అనో, 'తొందరపడ్డాను' అనో రాసేవారు. ఒకచోట 'భార్యతో పోట్లాట' అని కూడా ఉంది.

ఏడాదంతా ఎదురుచూసిన రాష్ట్ర పోటీ ఒక ఆదివారం. ముందురోజు ఇంట్లో సత్యనారాయణ వ్రతం. భోజనాలు బేస్‌మెంట్‌లో. బావ పంతులుగారి కోసం కారేసుకుని వెళ్ళారు. అక్క వంటింట్లో ఉంది, బల్ల సర్దే పని నా మీద పడింది. రెండు డబ్బాలు సగం సగం ఉన్నాయి. తూటాలు చూడ్డానికి ఒక్కలాగే ఉన్నాయి. సగం సగం ఉన్న కందిపప్పు డబ్బాలను ఒకటి చేసినట్టే వాటినీ ఒకటి చేసి, ఖాళీ డబ్బాను చీటీతో సహా చెత్తలో పారేశాను. బల్ల ఎంత శుభ్రంగా ఉందో అని మురిసిపోయాను కూడా!

మర్నాడు చివరి అయిదు తూటాల్లో పోటీ పోయింది. ఇంటికొచ్చి, బూట్లు కూడా విప్పకుండా అడిగారు.

"నా డబ్బాలు ఎవరైనా ముట్టుకున్నారా?"

"లేదే బావా" అన్నాను.

ఎందుకన్నానో! ఆయన నన్ను ఒక్కనాడూ గట్టిగా ఒక మాట అన్నవారు కాదు. అయినా భయమేసింది, సిగ్గేసింది. మర్నాడు చెబుదామనుకున్నాను. ఆ మర్నాడు రానేలేదు.

నెల తిరక్కుండా బల్ల ఎత్తేశారు, రైఫిల్ అమ్మేశారు. చెయ్యి వణుకుతోందని క్లబ్బు వాళ్ళకు చెప్పారట. తర్వాత ఎనిమిదేళ్ళూ ప్రతి దీపావళికీ భోజనాల దగ్గర నన్నడిగేవారు.

"ఆ రోజు కారణం ఏమై ఉంటుందంటావ్ డాక్టరమ్మా?"

"వయసు బావా! నలభై దాటాక చెయ్యి మాట వింటుందా?"

"అంతేనంటావా" అని మజ్జిగ పోసుకునేవారు. వైద్యం చదివిన దాన్ని, నా నోటితో ఆయన చేతికి లేని రోగం అంటగట్టాను.

నిన్న అక్క ఆ నోటుబుక్కు నా చేతికిచ్చింది. చివరి పేజీలో ఆనాటి అట్ట మడిచి ఉంది. మూడు చిల్లులు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. వాటికి రెండు వేళ్ళ దూరంలో కింద మరో రెండు, అవీ ఆనుకునే ఉన్నాయి. వణికే చెయ్యైతే అయిదూ చెదిరిపోవాలి. ఇలా రెండు గుంపులు కట్టాయంటే డబ్బాలో రెండు రకాల తూటాలున్నట్టే. నాకే తెలిసిందంటే, ఆయనకు మైదానంలోనే తెలిసిపోయి ఉంటుంది. తన ఇంట్లో, తన డబ్బా మీది చీటీని ఇక నమ్మలేక మానేశారు. ప్రతి దీపావళికీ ఆయన కారణం అడగలేదు. నాకు ఒక అవకాశం ఇచ్చారు. నేను ఏటా పారేశాను.

ఆ రోజు వరుసలో 'కారణం' గడి ఖాళీగా ఉంది.

"ఏముందే అందులో?" అంది అక్క.

"ఏం లేదక్కా" అన్నాను.

మళ్ళీ అదే మాట. అక్క లోపలికి వెళ్ళాక అట్టను కిటికీకి ఎదురుగా ఎత్తి పట్టుకున్నాను. పైన మూడు, కింద రెండు, చిల్లుల్లోంచి ఎండ నా చీర మీద పడింది.