ఏ రాష్ట్రానికీ చెందని శుక్రవారం

ఆక్లండ్‌లో న్యూ లిన్ రైల్వే స్టేషన్ పక్కన ఒక మేడ మీద మా ఆఫీసు ఉండేది. అమెరికాలో బాస్కెట్‌బాల్ ఆడే న్యూజిలాండ్ కుర్రాళ్ళకు అక్కడి రాష్ట్రాల ఆదాయపు పన్ను లెక్క కట్టడం నా పని. మామూలు ఉద్యోగికి ఒకే ఊరు, ఒకే పన్ను. ఆటగాడి సంగతి అలా కాదు. ఈ రోజు కాలిఫోర్నియాలో ఆడితే ఆ రోజు సంపాదనలో కాలిఫోర్నియాకు వాటా, ఎల్లుండి ఇంకో రాష్ట్రంలో ఆడితే దానికి వాటా. ఆడకపోయినా సరే, ప్రాక్టీసు కోసం టీమ్‌తో అక్కడ ఉంటే చాలు, ఆ రోజు ఆ రాష్ట్రానిదే. టెక్సస్ లాంటి కొన్ని మాత్రం మాకేం వద్దు పొమ్మంటాయి.

అంచేత డబ్బు కన్నా ముందు నేను వెతకాల్సింది మనిషిని. ఏ రోజు ఆ ఒళ్ళు ఎక్కడుంది? మౌంట్ ఆల్బర్ట్‌లో మా ఇంటికి ఎవరు భోజనానికి వచ్చినా మా ఆయనకు ఇదే వేళాకోళం. "మా ఆవిడ జాబ్ ఏంటో తెలుసా అండీ? పరాయి మగాళ్ళు రోజూ ఎక్కడ పడుకున్నారో రాసిపెట్టడం!" అందరూ నవ్వేవాళ్ళు, నేనూ నవ్వేదాన్ని.

నిజానికి కొన్నాళ్ళకు నాకు భయం మొదలైంది. ముఖం చూడని మనిషి వెంట నెలల తరబడి తిరగడం మంచి అలవాటు కాదు. పప్పులో తాలింపు వేస్తూ ఉంటే ఉన్నట్టుండి తోచేది, ఆ మనిషి ఇప్పుడు ఫలానా ఊళ్ళో నిద్రపోతున్నాడని. అదీ నిన్నటి రోజులో. నాకు మంగళవారం వచ్చేసినా ఆ మనిషి ఇంకా సోమవారంలోనే ఉండేవాడు. వాళ్ళకు రాబోయే రోజును నేను ముందే వాడేసి, ఎంగిలి చేసి పంపుతున్నట్టు అనిపించేది. మా ఆయనతో చెబితే "నిద్ర సరిపోవట్లేదు నీకు" అన్నాడు. ఆయనకు అన్నిటికీ అదే మందు.

అలాంటి కుర్రాడొకడు మొదటిసారి మా ఆఫీసుకు వచ్చింది ఇక్కడి చలికాలంలో, అంటే జూన్‌లో, ఐదింటికే చీకటి ముసిరే రోజుల్లో. ఊరికి దక్షిణాన పాపకూర అనే పేటలో పెరిగినవాడు. వాళ్ళ నాన్న పసిఫిక్ దీవుల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు. కుర్రాడి లెక్కలు రెండేళ్ళుగా నేనే చూస్తున్నా, మనిషిని చూడటం అదే మొదలు. ఆటలో తలకు గట్టి దెబ్బ తగిలి, సీజన్ మధ్యలోనే వచ్చేసి అక్క ఇంట్లో ఉంటున్నాడు. అక్కే కారులో తీసుకొచ్చింది, పైకి రాకుండా కిందే కూర్చుంది.

గుమ్మంలో తల వంచి లోపలికి వచ్చి, కుర్చీలో కూర్చోకుండా కిటికీ దగ్గరికి వెళ్ళాడు. కింద రైలు వెళ్తే మా నేల సన్నగా వణుకుతుంది. ఆ వణుకు ఆగేదాకా కదలకుండా నిలబడ్డాడు.

"ఇది న్యూ లినే కదా?" అని అడిగాడు.

"అవును" అన్నాను. ఏ రోజు ఎక్కడున్నాడో నేను రాసిపెట్టే మనిషి, తానిప్పుడు ఎక్కడున్నాడో నన్నే అడుగుతున్నాడు. మేము మాట్లాడుకుంది ఇంగ్లీషులోనే, కాని ఆ మాటలన్నీ నాకు తెలుగులోనే గుర్తుండిపోయాయి.

అప్పుడు విషయం చెప్పాడు. పన్ను కోసం రాలేదు. ఫిబ్రవరిలో వాళ్ళ నాన్న పోయాడు. శనివారం పాపకూరలో ఖననం. శవపేటిక భుజాన మోసినట్టు, వాన పడుతున్నట్టు గుర్తుంది. అదే శనివారం కాలిఫోర్నియాలో ఆడినట్టు, జనం అరుస్తున్నట్టు కూడా గుర్తుంది. ఆ తర్వాత కొన్ని వారాలకే తలకు దెబ్బ. రెండిట్లో ఒకటి మెదడు అల్లిన కథ అయి ఉండొచ్చని డాక్టరు అన్నాడట.

"అక్కను అడగొచ్చుగా?" అన్నాను.

"మన నాన్న సమాధికి నేను వచ్చానా అని ఏ ముఖం పెట్టుకుని అడగను?" అన్నాడు. "రాలేదని చెబితే ఆ ఇంట్లో ఎలా ఉండను? టీమ్ వాళ్ళను అడిగితే నా తల పని చెయ్యట్లేదని తెలిసిపోతుంది. ఇక నన్ను ఆడనివ్వరు. నేను ఏ రోజు ఎక్కడున్నానో తెలిసింది మీ ఒక్కరికే."

ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఎవరి కొడుకో, తండ్రిని సాగనంపాడో లేదో చెప్పాల్సిన బాధ్యత నా నెత్తిన పడటమేమిటి? అయినా కంప్యూటర్లో అతని లెక్క తెరిచి చూశాను. టీమ్ షెడ్యూల్‌ను బట్టి శుక్రవారం కాలిఫోర్నియా, ప్రాక్టీస్. శనివారం కాలిఫోర్నియా, ఆట. ఆడినట్టు లోకమంతా చూసింది. ఆ రెండు రోజులకూ ఆ రాష్ట్రం పన్ను అడుగుతోంది. ఉన్నదున్నట్టు చెప్పాను. అతను తల ఊపి, మళ్ళీ గుమ్మంలో వంగి వెళ్ళిపోయాడు. మెట్ల మీద చప్పుడే వినిపించలేదు. అంత మనిషి దిగితే చప్పుడు రాకపోవడమేమిటని బయటికి వెళ్ళి చూశాను. మధ్య మెట్టు మీద గోడకు చెయ్యి ఆనించి నిలబడి ఉన్నాడు, ఎక్కాలో దిగాలో తెలియనట్టు.

ఆ వారమే మా మామగారి ఆబ్దికం గురించి ఇంట్లో రభస. తెనాలి నుంచి మా బావగారు ఫోన్ చేసి శనివారమే పెట్టాలని పట్టుబట్టారు. ఇక్కడి పంతులుగారేమో ఆదివారమన్నారు. ఈ దేశం వచ్చిన ప్రతి తెలుగింట్లోనూ ఏడాదికోసారి ఈ తగువు తప్పదు.

"తిథి పడే రోజు ఊరిని బట్టి మారుద్ది అన్నయ్యా," అని మా ఆయన ఫోన్లో అరుస్తున్నాడు. "మీకు శనివారం, మాకు సండే. నాన్న ఒక్కడే, తిథీ ఒక్కటే. రోజులే రెండు!"

నా చేతిలో గరిట అలాగే ఉండిపోయింది. పాపకూర శనివారం, కాలిఫోర్నియా శనివారం. ఒకటే పేరు గాని రెండూ ఒకటి కావు. ఆక్లండ్‌లో శనివారం సాయంత్రం విమానం ఎక్కితే కాలిఫోర్నియాలో అదే శనివారం పొద్దున దిగుతాం. రోజు మళ్ళీ మొదలవుతుంది. పగలు ఇక్కడ తండ్రిని మోసి, ఆ సాయంత్రమే అక్కడ బంతి పట్టుకోవచ్చు. ఇన్నాళ్ళు ఇదే పని చేస్తూ కూడా, రెండు శనివారాలనూ ఒకే గడిలో కుక్కేశాను.

మరి రావడం? అక్కడ గురువారం రాత్రి బయల్దేరితే ఇక్కడ శనివారం పొద్దున దిగుతాం. మధ్యలో తేదీ మారే గీత దాటేటప్పుడు శుక్రవారం సముద్రంలో పడిపోతుంది. టీమ్ ఆఫీసుకు మెయిల్ రాశాను, పన్ను కోసం అన్నట్టే. శుక్రవారం ప్రాక్టీసుకు ఆ కుర్రాడు రాలేదని జవాబు వచ్చింది.

రాలేదంటే ఇక్కడికి వచ్చాడని కాదు. అందుకని ఆ కుర్రాడిని మళ్ళీ రమ్మన్నాను. ఈసారి నేనే కిందికి వెళ్ళి, కారు అద్దం తట్టి, టీ తాగుదువుగాని రమ్మని అక్కను పైకి లాక్కొచ్చాను. తెల్లవాళ్ళెవరూ క్లయింట్లతో అలా చేయరు. ఇంటికొచ్చిన వాళ్ళను చావు గురించి, పెళ్ళి గురించి ఆరా తీయకుండా వదలడం మనకు చేతకాదు. అడగందే అమ్మైనా పెట్టదంటారు కదా, అడిగేశాను.

"మీ నాన్నగారు పోయారట కదమ్మా. చివరికి అందరూ వచ్చారా?"

కుర్రాడు నా వైపు చూసిన చూపు నేను మరిచిపోలేను. తీర్పు వినేవాడి చూపు అది.

"అందరూ వచ్చారు," అంది ఆమె. గొంతు గట్టిగా ఉంది. "వీడూ వచ్చాడు. ముందు వరసలో ఎడమ భుజాన పట్టాడు. సమాధి పూడ్చడానికి పార చేతికిస్తే, పక్కన పెట్టేసి కారెక్కాడు. ఆట ఉందట. ఇన్ని నెలలుగా నా ఇంట్లో ఉంటున్నాడు, ఒక్క రోజూ నాన్న మాట ఎత్తలేదు. అడిగి చెప్పించుకోవాల్సిన మాటా అది? నేనూ అడగలేదు."

"నాకు తెలియదు," అన్నాడు అతను.

"ఏం తెలియదు?"

"వచ్చానో లేదో."

కింద రైలు వెళ్ళింది. కప్పుల్లో టీ వణికింది. ఆమె లేచి వెళ్ళి తమ్ముడి ఎడమ భుజం మీద చెయ్యి వేసి నొక్కింది. "ఇక్కడ," అంది. "ఇక్కడే మోశావు." అంత పొడుగు మనిషి కుర్చీలో ముడుచుకుపోయి వెక్కి వెక్కి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. ఏడవకుండా ఎలా ఉంటాను?

అక్కడితో అయిపోయిందనుకున్నాను. శుక్రవారం సంగతి కూడా చెబుదామని, ఆ రోజు నీకసలు లేదు, కాలిఫోర్నియా లెక్కలోంచి తీసేస్తున్నాను అన్నాను. అతను కళ్ళు తుడుచుకుని, "మూడోది ఇంకొకటి గుర్తుంది," అన్నాడు. "అది పిచ్చి అనుకుని ఎవరికీ చెప్పలేదు. చీకట్లో కూర్చున్నాను, కాళ్ళ కింద సన్నగా వణుకు, విమానంలో లాగా. ఎంతసేపటికీ తెల్లారదు. పక్కన నాన్న ఉన్నాడు. ఇంకెంత దూరం అని అడిగాడు. దగ్గరికొచ్చేశాం అన్నాను. నీలం చొక్కా మీద తెల్ల పూలు. ఆ చొక్కా నేనెప్పుడూ చూడలేదు."

అక్క చెయ్యి భుజం మీద నుంచి జారింది.

"ఆ చొక్కా నేను శుక్రవారం సాయంత్రం పాపకూర బజార్లో కొన్నాను," అంది మెల్లగా. "నాన్నకు తొడగడానికి. నువ్వొచ్చేసరికి పేటిక మూసేశాం."

 కిటికీ అవతల చీకటి పడింది. గదిలో ముగ్గురమే ఉన్నామని నాకు తెలుసు, అయినా నాలుగో కుర్చీ వైపు చూడటానికి ధైర్యం చాలలేదు. వాళ్ళు వెళ్ళేటప్పుడు మెట్ల మీద ఇద్దరి అడుగులూ స్పష్టంగా వినిపించాయి. నేను గబగబా లైట్లన్నీ వేసి, మా ఆయనకు ఫోన్ చేసి వచ్చి తీసుకెళ్ళమన్నాను. దారిలో జరిగిందంతా చెబితే ఆయన నిద్ర మాట ఎత్తలేదు. ఇంటికి వెళ్ళగానే కాళ్ళు కడుక్కుని లోపలికి రమ్మన్నాడు.

కాలిఫోర్నియా పన్నుల వాళ్ళు ఊరుకుంటారా? టీమ్ అక్కడుంటే శుక్రవారం ఈ ఆటగాడు ఎక్కడున్నాడని అడుగుతూ రాశారు. విధుల్లో లేడు, తండ్రి అంత్యక్రియలకు ప్రయాణంలో ఉన్నాడు అని జవాబిచ్చాను. టీమ్ ఇచ్చిన మెయిల్ జతచేశాను. ఒప్పుకున్నారు. ఆ రోజు మీద పన్ను ఎవరికీ పోలేదు.

ప్రయాణం ఎవరితో అని మాత్రం వాళ్ళు అడగలేదు. బతికిపోయాను.